ఓరుగల్లు నుంచి డాలస్... ఎన్ని గంటల దూరం?

పెద్దలు హన్మకొండలో, పిల్లలు అమెరికాలో. మధ్యలో 14 వేల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా ఆ ఇళ్లలో దాన్ని కిలోమీటర్లలో కొలిచేవారు ఎవరూ ఉండరు. గంటల్లోనే కొలుస్తారు. ఇంతకీ ఆ గంటలు ఎక్కడ ఖర్చవుతున్నాయి? అందులో తగ్గేవెన్ని, ఎప్పటికీ తగ్గనివెన్ని?

హన్మకొండ నక్కలగుట్టలోనో, సుబేదారిలోనో, కాజీపేటలోనో ఓ ఇల్లు. హాల్లో గోడకి రెండు గడియారాలు. ఒకటి ఇక్కడి టైము. రెండోది ‘మనోడి టైము’. పొద్దున ఏడున్నరకి దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చిన అమ్మ ముందుగా చూసేది ఆ రెండో గడియారాన్నే. ‘వానికి రాత్రి ఎనిమిదైంది. అన్నం తిన్నడో లేదో...’

వరంగల్‌లో ఇలాంటి ఇళ్లు ఒకటీ రెండూ కాదు. కొడుకో, కూతురో, అల్లుడో అమెరికాలో లేని వీధి దొరకడం కష్టం. వాళ్లలో చాలామంది చేరిన చోటు టెక్సస్ రాష్ట్రంలోని డాలస్. ఆ నగరం చుట్టుపక్కలున్న ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో పేర్లు ఇప్పుడు ఇక్కడి అమ్మమ్మలకి కూడా నోటికొచ్చు. పిల్లలు బయల్దేరుతున్నామని ఫోన్ చేస్తే ఇంట్లో ముందుగా వచ్చే ప్రశ్న ఒక్కటే... ‘ఎన్ని గంటలల్ల వస్తవు బిడ్డా?’

సెలవులకి వస్తుంటే అది ముచ్చటైన ప్రశ్న. పెద్దాయనకి గుండెనొప్పి వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లిన రాత్రి మాత్రం... అంతకంటే పెద్ద ప్రశ్న మరొకటి ఉండదు.

దారం పెట్టి కొలిస్తే...

గోడకి వేలాడే ప్రపంచపటం ముందు నిలబడి వరంగల్ నుంచి డాలస్‌కి దారి చూపించమంటే ఎవరైనా ఏం చేస్తారు? వేలు పెట్టి పడమరకి గీస్తారు. అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మహాసముద్రం... ఆ తరవాత అమెరికా. అలా తిన్నగా పడమర గీత మీదే వెళితే దాదాపు 17,800 కిలోమీటర్లు ఎగరాలి.

అదే గుండ్రటి గ్లోబు తీసుకుని, వరంగల్ దగ్గర దారం ఒక కొస పట్టుకుని, రెండో కొస డాలస్ దగ్గర బిగించి చూడండి. ఆ దారం పడమరకి పోదు. తిన్నగా ఉత్తరానికి పోతుంది! ఢిల్లీ పక్కగా, లద్దాఖ్ మంచుకొండల మీదుగా చైనా పడమటి అంచు, కజకిస్థాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి 400 కిలోమీటర్ల లోపు నుంచి వెళ్లి, కెనడా మీదుగా టెక్సస్‌లో దిగుతుంది. దూరం సుమారు 14,350 కిలోమీటర్లే. అంటే దాదాపు మూడున్నర వేల కిలోమీటర్లు ఆదా.

ఎందుకిలా? మనం ఉన్నది దాదాపు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. డాలస్ ఉన్నది 97 డిగ్రీల పడమర రేఖాంశం మీద. రెండూ కలిపితే 177. భూగోళం చుట్టూ సగం తిరిగితే 180 డిగ్రీలు కదా! అంటే భూమికి మనం ఒకవైపున ఉంటే, వాళ్లు దాదాపు సరిగ్గా ఆవలివైపున ఉన్నారన్నమాట. నారింజపండు నడుం చుట్టూ తిరిగే చీమకంటే తొడిమ మీదుగా దాటే చీమ తొందరగా చేరుతుంది. విమానానిదీ అదే సూత్రం.

మరి నేరుగా ఎందుకు వెళ్లవు?

ఇంత దూరం ఆగకుండా ఎగరగల విమానాలు లేవా అంటే, ఎప్పుడో వచ్చాయి. 2005 నవంబరులో బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానం హాంకాంగ్ నుంచి తూర్పుదిక్కుగా లండన్‌కి 21,600 కిలోమీటర్లు ఏకబిగిన ఎగిరింది. 22 గంటల 42 నిమిషాలు పట్టింది. అది ప్రయాణికులతో కాదు, రికార్డు కోసం చేసిన యాత్ర. కానీ సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లకు పైగా దూరాన్ని ప్రయాణికులతోనే ఏకబిగిన దాటే సర్వీసు ఉంది. దానిముందు వరంగల్-డాలస్ దూరం చిన్నదే.

తెలుగు నేల నుంచీ ఆ ప్రయత్నం జరిగింది. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా విమానం మొదలుపెట్టింది. అంతకు వారం ముందే, జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి బయల్దేరిన విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా నడిపారు. ఆ బృందంలో మన తెలుగమ్మాయి పాపగారి తన్మయి కూడా ఉంది. హైదరాబాద్-షికాగో సర్వీసు మాత్రం ఎక్కువకాలం నిలవలేదు.

కారణం యంత్రంలో లేదు, లెక్కల్లో ఉంది. పైన చెప్పిన 777-200ఎల్ఆర్ బయల్దేరేటప్పుడు గరిష్ఠ బరువు 347 టన్నులైతే, అందులో 145 టన్నుల దాకా ఇంధనమే ఉండొచ్చు. చివరి గంటలో కాల్చాల్సిన ఇంధనాన్ని కూడా మొదటి గంట నుంచీ మోసుకుపోవాలి. మోయడానికి మళ్లీ ఇంధనం కావాలి! అంత ఖర్చు రావాలంటే ఏడాది పొడవునా సీట్లన్నీ నిండాలి. ఖరీదైన బిజినెస్ క్లాసు సీట్లు మరీనూ. మనవాళ్ల ప్రయాణాలేమో ఎక్కువగా వేసవి సెలవులకీ, కాలేజీలు తెరిచే ఆగస్టుకీ, డిసెంబరుకీ.

దుబాయ్, దోహా లాంటి చోట్ల లెక్క వేరు. అక్కడ హైదరాబాద్ ప్రయాణికుడి పక్క సీట్లో కొచ్చివాడు కూర్చుంటాడు. వెనక సీట్లో కరాచీవాడో, ఢాకావాడో ఉంటాడు. ఇరవై ఊళ్ల నుంచి వచ్చినవాళ్లందర్నీ ఒకే విమానంలో నింపుతారు. అందుకే నేరుగా వెళ్లే విమానం ఆగినా, అలా ఆగి వెళ్లే దారి నడుస్తూనే ఉంటుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు. అక్కణ్నుంచి డాలస్ దాదాపు 12,900. రెండూ కలిపితే నేరు దారికంటే వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ. గంటల్లో చెప్పాలంటే నాలుగు, ఆగినచోట మూడు, మళ్లీ పదహారు... మొత్తం 23.

ధ్రువం మీదుగా వెళ్లే దారికి మరికొన్ని చిక్కులున్నాయి. హిమాలయాలు, టిబెట్ పీఠభూమి మీద విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి. అక్కడ నేలే అంతకంటే ఎత్తుగా ఉంటుంది! ధ్రువం దగ్గర చలికి ఇంధనం గడ్డకట్టకుండా చూసుకోవాలి. జెట్ ఇంధనం రకాన్ని బట్టి మైనస్ 40, మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. ఇక అత్యవసరంగా దిగాల్సొస్తే దగ్గర్లో విమానాశ్రయం ఉండాలి. అందుకే గ్లోబు మీద దారం చూపే దారీ, పైలట్ ఎగిరే దారీ ఎప్పుడూ ఒకటి కావు.

పోతే పదహారు... వస్తే పదిహేను

అమెరికా వెళ్లొచ్చిన పెద్దవాళ్లు చాలామంది గమనించే ఉంటారు. దుబాయ్ నుంచి డాలస్‌కి 16 గంటలు పడితే, అటునుంచి వచ్చేటప్పుడు గంట, గంటన్నర తక్కువ పడుతుంది. దారి అదే, విమానం అదే. మరి ఈ తేడా ఏంటి?

‘భూమి తిరుగుతుంది కదా, అందుకే’ అంటారు చాలామంది. అది నిజం కాదు. భూమితోపాటు దాని చుట్టూ ఉన్న గాలీ తిరుగుతుంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతుంది. అసలు కారణం జెట్ స్ట్రీమ్. నేలకి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి ఏరులా పారే గాలి అది. చలికాలంలో ఒక్కోసారి గంటకి 200 కిలోమీటర్ల వేగాన్ని దాటుతుంది. అమెరికా నుంచి వచ్చే విమానానికి ఆ గాలి వెనకనుంచి తోడవుతుంది. వెళ్లే విమానానికి ఎదురొస్తుంది. గోదావరిలో వాలుకి పోయే పడవకీ, ఎదురీదే పడవకీ ఉన్న తేడానే ఇది.

గాలితోపాటు రాజకీయాలూ దారిని మారుస్తాయి. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి తరవాత పాకిస్థాన్ తన గగనతలాన్ని మూసేసింది. జులై దాకా అదే పరిస్థితి. పహల్గాం దాడి తరవాత 2025 ఏప్రిల్‌లో మన దేశ విమానాలకి మళ్లీ మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా, ఐరోపా వెళ్లే మన విమానాలు చుట్టూ తిరిగి పోవాల్సొచ్చింది. 2025 జూన్ 23న ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూతపడితే దోహా మీదుగా వెళ్లేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు. సరిహద్దుల్లో ఏం జరిగినా హన్మకొండలో టిక్కెట్టు చూసుకునే అమ్మకి దాని సెగ తగులుతుంది.

గడియారం చేసే గారడీ

ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్‌లో విమానమెక్కారనుకోండి. 23 గంటలు ప్రయాణించి డాలస్‌లో దిగేసరికి అక్కడ చలికాలమైతే ఆదివారం మధ్యాహ్నం మూడున్నరే! చేతికున్న గడియారం మార్చుకుంటే ప్రయాణం పదకొండున్నర గంటల్లో అయిపోయినట్టు. అదే డాలస్‌లో ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి బయల్దేరితే, 21 గంటలన్నర ప్రయాణించినా ఇక్కడ దిగేది సోమవారం రాత్రి తొమ్మిదింటికి. క్యాలెండర్లో ఒక పగలు మాయం. మనకీ డాలస్‌కీ తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు. మార్చి నుంచి నవంబరు మొదలుదాకా వాళ్లు గడియారాన్ని గంట ముందుకి జరుపుతారు కాబట్టి పదిన్నర.

గడియారాన్ని తిప్పినంత సులువుగా ఒంటిని తిప్పలేం. రోజుకి ఒక గంట తేడాని మాత్రమే శరీరం సర్దుకోగలదని డాక్టర్లు ఓ మోటు లెక్క చెబుతారు. ఆ లెక్కన కుదుటపడటానికి పదిరోజులు. సెలవుపెట్టి రెండు వారాలకి వచ్చిన కొడుకు మొదటి వారమంతా పగలు పడుకుని రాత్రిళ్లు మేలుకుంటుంటే తల్లికి బెంగ. ఇక కుదురుకున్నాడు అనుకునేసరికి తిరుగు ప్రయాణం!

అప్పట్లో...

వరంగల్ నుంచి అమెరికా ప్రయాణం కొత్తదేమీ కాదు. 1959లో ప్రధాని నెహ్రూ ఇక్కడి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలకి శంకుస్థాపన చేశారు. ఇప్పటి ఎన్ఐటీ అదే. దాదాపు అదే సమయంలో, 1960 మే 14న ఎయిరిండియా బోయింగ్ 707 జెట్ విమానం బొంబాయి నుంచి లండన్ మీదుగా న్యూయార్క్‌కి మొదటిసారి ఎగిరింది. కాలేజీ వచ్చింది, విమానమూ వచ్చింది. పై చదువులకి వెళ్లే తొలితరం కుర్రాళ్లు రైలెక్కి ముందు బొంబాయికో ఢిల్లీకో చేరేవారు. కాజీపేట స్టేషన్లో పూలదండలు, కన్నీళ్లు. చేరినట్టు కబురు తెలియాలంటే నీలిరంగు ఏరోగ్రామ్ వచ్చేదాకా ఆగాల్సిందే. మళ్లీ ఎప్పుడొస్తావని ఆ రోజుల్లో గంటల్లో కాదు, ఏళ్లలో అడిగేవారు.

ఇక్కడో విచిత్రం ఉంది. ఆనాటి 707 గంటకి 900 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఎగిరేది. ఈనాటి విమానాల వేగమూ ఇంచుమించు అంతే! లండన్ నుంచి న్యూయార్క్‌కి మూడున్నర గంటల్లో చేర్చిన కాంకార్డ్ కూడా ఖర్చు భరించలేక 2003లో ఆగిపోయింది. అంటే అరవై ఏళ్లలో ఆకాశంలో వేగం పెరగలేదు. దారిలో ఆగే చోట్లు తగ్గాయి, అంతే. మిగిలిన సమయమంతా తగ్గింది నేల మీదే. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. వరంగల్ రహదారి నాలుగు వరుసలైంది. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కితే హైదరాబాద్ ట్రాఫిక్‌లోకి వెళ్లకుండానే విమానాశ్రయం చేరొచ్చు.

ఇంకో పోలిక చూడండి. కాజీపేటలో రైలెక్కితే ఢిల్లీ చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. శంషాబాద్‌లో విమానమెక్కితే డాలస్ చేరడానికి పట్టేదీ ఇంచుమించు అంతే!

గుమ్మం నుంచి గుమ్మం దాకా

టిక్కెట్టు మీద రాసేది విమానం సమయమే. అసలు ప్రయాణం మాత్రం గుమ్మం దాటిన దగ్గర్నుంచి మొదలవుతుంది. అర్ధరాత్రి ఫోన్ వచ్చిందనుకుందాం. ‘నాయనకి బాగలేదు, బయల్దేరు’ అని. డాలస్‌లో టిక్కెట్టు దొరికి, బట్టలు సర్దుకుని, విమానాశ్రయం చేరేసరికి మూడు గంటలు. అక్కడ తనిఖీలకి మూడు. విమానంలో పదిహేను. గల్ఫ్‌లో మూడు. హైదరాబాద్‌కి మూడున్నర. ఇమిగ్రేషన్, సామానుకి గంటన్నర. శంషాబాద్ నుంచి వరంగల్‌కి సుమారు 170 కిలోమీటర్లు... మరో మూడున్నర. మొత్తం 32 గంటలు దాటింది. ఇదీ అన్నీ కలిసొస్తేనే. ఆ రోజు సీటు దొరక్కపోతే మరో రోజు. వీసా చిక్కులుంటే అసలు కదలాలా వద్దా అన్న మీమాంస. దానికి ఏ లెక్కా లేదు.

అందుకే ఊళ్లో ఎవరైనా పోతే, పిల్లలు దూరదేశంలో ఉంటే, బంధువులు ముందు ఫోన్ చేసేది ఫ్రీజర్ బాక్సు కోసం. ఆ తరవాత అందరూ కూర్చుని లెక్కపెట్టేది ఈ 32 గంటలనే. ‘దోహాల దిగిండట’, ‘శంషాబాద్ల దిగిండట’, ‘జనగామ దాటిండట’... వచ్చినవాళ్లంతా ఆ కబురు కోసమే చెవులు రిక్కించి ఉంటారు.

2020లో ఆ లెక్కా లేకుండా పోయింది. కరోనాతో మార్చి 23 నుంచి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మే నెలలో వందేభారత్ పేరుతో ప్రత్యేక విమానాలు మొదలైనా సీటు దొరకడం గగనమే. మామూలు సర్వీసులు మళ్లీ మొదలైంది 2022 మార్చి 27న. ఆ రెండేళ్లలో ఎంతోమంది కొడుకులూ కూతుళ్లూ కన్నవాళ్ల చివరి చూపుని ఫోన్ తెరమీదే చూసుకున్నారు. దూరం మాత్రం అదే 14 వేల కిలోమీటర్లు. అంగుళం కూడా పెరగలేదు.

మామునూరు ఆశ

ఇంతకీ వరంగల్‌కి విమానాశ్రయం లేదా? ఉంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1930లో మామునూరులో కట్టారు. 1981 దాకా వాడుకలో ఉండి మూతపడింది. మళ్లీ తెరవాలని ఎన్నిసార్లు అడిగినా ఒప్పందంలోని ఓ నిబంధన అడ్డొచ్చింది. శంషాబాద్ చుట్టూ 150 కిలోమీటర్ల లోపు పాతికేళ్లపాటు మరో విమానాశ్రయం రాకూడదన్నది ఆ నిబంధన. మామునూరేమో గీత గీసినట్టు కొలిస్తే సుమారు 145 కిలోమీటర్లు! శంషాబాద్ నిర్వాహకులు అభ్యంతరం లేదన్నాక, 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరుకి పచ్చజెండా ఊపింది. అక్కడ ఇప్పటికే 696 ఎకరాలుంది. మరో 253 ఎకరాల సేకరణకి రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ ఎకరాలు చుట్టుపక్కల ఊళ్ల రైతులవి. ఒకరి ప్రయాణం దగ్గరవ్వడానికి మరొకరు పొలాన్ని వదులుకోవాలి. ఆ సంగతీ మర్చిపోకూడదు.

మామునూరులో విమానం ఎగిరితే డాలస్ దగ్గరైపోతుందా? నిజం చెప్పాలంటే, ఆ పదహారు గంటల్లో ఒక్క నిమిషం కూడా తగ్గదు. శంషాబాద్‌కి విమానంలో వెళ్లినా పెద్దగా కలిసిరాదు. ఎగిరేది కొద్ది నిమిషాలే అయినా తనిఖీలకి పట్టే సమయం ఉండనే ఉంటుంది. కానీ మామునూరు నుంచి ఢిల్లీకో ముంబయికో విమానం ఉంటే, అక్కణ్నుంచి నేరుగా అమెరికా వెళ్లే విమానం అందుకోవచ్చు. వరంగల్ నుంచి ఢిల్లీకి ఆకాశంలో 1,200 కిలోమీటర్లు... రెండు గంటలు. గల్ఫ్‌లో ఆగే పని లేదు, అర్ధరాత్రి కారులో శంషాబాద్ పరుగూ లేదు. తగ్గితే గిగ్గితే తగ్గేవి ఆ నేలమీది గంటలే.

పెద్దవాళ్లు బయల్దేరుతుంటే...

పదహారు గంటల ప్రయాణంలో కాళ్లు కదపకుండా కూర్చుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. మంచినీళ్లు తాగుతుండాలి. గుండెజబ్బు, మధుమేహం ఉన్నవాళ్లు ముందే డాక్టర్ని అడిగి, మందుల వేళల్ని ఏ దేశం టైము ప్రకారం పాటించాలో కాగితం మీద రాయించుకోవాలి. మందులూ, చీటీ చేతిసంచిలోనే ఉండాలి. ఆవకాయ సీసా మాత్రం పెద్ద పెట్టెలోకే. చేతిసంచిలో వంద మిల్లీలీటర్లకి మించి ద్రవపదార్థాలు ఒప్పుకోరు, నూనె తేలే పచ్చడీ అందులోకే వస్తుంది. ఇంగ్లిషు రాదని భయపడేవాళ్లు టిక్కెట్టు కొనేటప్పుడే సాయం కావాలని అడగొచ్చు. చాలామంది పెద్దలు వీల్‌చెయిర్ కోరుకునేది నడవలేక కాదు... దుబాయ్‌లో దారి తప్పకుండా గేటు దాకా తీసుకెళ్లే మనిషి కోసం!

పటం మీద వరంగల్, డాలస్ ఎప్పటికీ ఎదురెదురుగానే ఉంటాయి. ఆ దూరాన్ని తగ్గించడం ఎవరి వల్లా కాదు. గోడమీది రెండో గడియారం మాత్రం రోజూ ఓ మాట గుర్తుచేస్తూనే ఉంటుంది. అమ్మ ‘ఎన్ని గంటలల్ల వస్తవు’ అని అడగాల్సిన రోజుకంటే ముందే ఓసారి బయల్దేరితే... ఆ 32 గంటలూ అంత పొడుగ్గా అనిపించవు.